వాటిని అంటే వేటిని?

నలభై ఆరేళ్ళ వయసులో, పిల్లలిద్దరినీ కాలేజీలో చేర్పించి, బీపీ మాత్ర మొదలుపెట్టాక నేను ఇటాలియన్ వ్యాకరణం నేర్చుకున్నాను. సరదా పుట్టి కాదు. ఆ భాషలోని రెండక్షరాల మాటలు కొన్ని నా మీద పగబట్టాయి.

పెడనలో మాకో అద్దకం షెడ్డు ఉంది. చెక్క అచ్చులతో గుడ్డల మీద పూలూ లతలూ అద్దుతాం. ఇల్లు బందరులో. ఇటలీలో చిన్న కొట్టు నడుపుకునే ఒకావిడ రెండేళ్ళుగా మా దగ్గర సరుకు తెప్పించుకుంటోంది. మొదట్లో మధ్యన ఒక ఏజెంటు ఉండేవాడు. మాతో ఇంగ్లీషు, ఆవిడతో ఇటాలియన్ మాట్లాడి పని నడిపేవాడు. ఆయన వేరే వ్యాపారంలోకి వెళ్ళిపోయాక ఇంగ్లీషు రాని ఆవిడ, ఇటాలియన్ రాని నేను మిగిలాం. మధ్యలో ఫోను. ఫోనుకి ప్రపంచంలోని భాషలన్నీ వచ్చునని మా బావ భరోసా ఇచ్చాడు.

బావ అంటే మా ఆవిడ అన్నయ్య. వాళ్ళది దివిసీమలో చల్లపల్లి. షెడ్డులో నాతో సమానంగా భాగస్తుడు. అద్దకం పని నేను చూస్తే, ప్యాకింగూ పంపకాలూ ఉత్తరాలూ ఆయన చూస్తాడు. వారంలో ఐదు రోజులు మా ఇంట్లోనే ఉంటాడు. ఉప్మాలో జీడిపప్పు ఎవరికి ఎక్కువ పడిందన్న విషయంలో తప్ప పదిహేనేళ్ళలో మాకు మాటపట్టింపు రాలేదు.

కిందటేడు మాఘమాసంలో ఇటలీ ఆవిడకి నలభై టేబుల్ క్లాత్‌లు, వాటికి జతగా నాప్‌కిన్లు పంపాం. వేసవి మొదలయ్యేసరికి జవాబు వచ్చింది. ఫోను దాన్ని తెలుగులోకి మార్చి ఇలా చూపించింది: “టేబుల్ క్లాత్‌లు, నాప్‌కిన్లు వచ్చాయి. వాటిని మళ్ళీ చేయాలి, ఎరుపు మరీ ముదురుగా ఉంది. వాటిని అలాగే వదిలేస్తున్నాను. ధన్యవాదాలు.”

దాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాను. బావ కళ్ళజోడు తుడుచుకుని చదివాడు.

“వాటిని మళ్ళీ చెయ్యమంటుంది, వాటిని అలాగే వదిలేస్తానంటుంది. ఏంటి బావా ఇది?” అన్నాను.

“మొదటి వాటిని వేరు, రెండో వాటిని వేరు అయ్యుంటాయి.”

“అయితే ఏ వాటిని ఏవి?”

“అదే ఆవిణ్ణి అడుగుదాం. ఒక్క ముక్క రాస్తే పోతుంది కదా,” అన్నాడు బావ.

లోకంలో తెలివైన సలహాలన్నీ ఇలాగే ఎవరూ పట్టించుకోని గొంతుతో వస్తాయి. “అడిగితే మనకి చదవడం రాదనుకుంటుంది,” అన్నాను నేను. నిజంగానే చదవడం రాదన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. నా బుర్రతోనే ఆలోచించాను. టేబుల్ క్లాత్ అంచంతా ఎరుపే. నాప్‌కిన్‌కి మూలన ఒక్క పువ్వు. ఎరుపు ముదిరిందని ఎవరైనా గోల పెడితే అది టేబుల్ క్లాత్ గురించే అయ్యుండాలి. మూతి తుడుచుకునే గుడ్డకి రంగెలా ఉంటే ఏం? అలా నలభై టేబుల్ క్లాత్‌లనూ మళ్ళీ మొదలుపెట్టించాను.

మా పనికి పారే నీళ్ళు కావాలి. అద్దిన గుడ్డని కాలువలో జాడిస్తేనే, రంగు పట్టడానికి వేసిన పటికలో అదనంగా అంటుకున్నది వదులుతుంది. వేసవి కాబట్టి అప్పటికి కాలువలకి నీళ్ళు ఆపేశారు. బోరు నీళ్ళు తొట్లలోకి తోడుకుంటూ, కరెంటు పోయినప్పుడల్లా మోటారు వైపు చూసి నిట్టూర్చుకుంటూ ఇరవై రోజులు చేశాం. మా మేస్త్రి డెబ్భై దాటిన మనిషి. నాన్న కాలం నుంచీ ఎరుపు కుదర్చడంలో ఆయన మాటే చివరిమాట. పాత గుడ్డ ముక్కని వెలుతురులో పట్టి, “దీనికేం రోగం బాబూ? రంగు బాగానే కుదిరిందిగా,” అన్నాడు. ఇటలీ వాళ్ళకి నచ్చలేదని చెప్పాను. ఆయన అచ్చులు కడిగి పెట్టేసి ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి, ఇటలీకి తగ్గట్టు ఎరుపుని పలచన చేశాడు.

సరుకు వెళ్ళింది. ఆవిడ నుంచి ఒక ఫోటో వచ్చింది. బల్ల మీద టేబుల్ క్లాత్‌ల గుట్టలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. కింద ఒకే ఒక్క వాక్యం. ఫోను దాన్ని తెలుగు చేసింది: “కానీ నేను అతనికి అది రాశాను.”

నాకు ఒళ్ళు మండింది. అంటే ఆవిడ సంగతంతా వివరంగా ఎవరో ఒక అతనికి రాసింది, ఆ అతను నాకు చెప్పలేదు. మా షెడ్డులో ఉత్తరాలు చూసే అతను ఒక్కడే ఉన్నాడు. ఆ అతను అప్పుడు నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు.

“ఆవిడ మీకు విడిగా ఏమన్నా రాసిందాండీ?” అన్నాను.

మేమిద్దరం ఎప్పుడూ ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకుంటాం. నా నోట్లోంచి ‘అండీ’ రాగానే బావ గ్లాసు కింద పెట్టాడు. మా వైపు కోపం వస్తే గొంతు పెంచం, మర్యాద పెంచుతాం. వినేవాడికి అది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగులుతుంది.

“మీరేం అడుగుతున్నారో నాకర్థం కాలేదండీ,” అన్నాడు.

“అతనికి రాశానని ఆవిడే చెప్తోందండీ. ఇక్కడ అతను ఎవరండీ, మీరు కాక?”

“నా ఫోను ఇదిగోనండీ. చూసుకోండి.”

“అవతలి వాళ్ళ ఫోన్లు చూసేంత సంస్కారం లేనివాణ్ణి కాదండీ.”

చూడాలని మనసు లాగింది. కానీ అంతమంది పనివాళ్ళ ముందు సంస్కారం గురించి మాట్లాడేశాక ఇక వెనక్కి తీసుకునే దారి లేదు. బావ ఇంటికొచ్చి, బ్యాగు సర్దుకుని, చెల్లెలికి వెళ్ళొస్తానని చెప్పి చల్లపల్లి బస్సెక్కాడు. నాకు చెప్పలేదు.

మా ఆవిడ బడిలో టీచరు. ఒక వారం పాటు నన్ను బడిపిల్లాడిని చూసినట్టే చూసింది. వారం తర్వాత పలకరించింది.

“మా అన్నయ్యని పంపేశారు. ఇంతకీ ఆ అతను ఎవరో తేలిందా?”

“ఇంకెవరుంటారు?”

“ఆ భాష వచ్చిన మనిషికి ఒకసారి చూపించొచ్చుగా? మా బళ్ళో లెక్కల టీచరు గారమ్మాయి నర్సు. ఇటలీలో ఉద్యోగానికి గుడివాడలో ఒకావిడ దగ్గర చదువుతోంది. ఆవిడ అక్కడ చాలా ఏళ్ళు ఉండొచ్చారట. ఆ ఉత్తరాలు పట్టుకుని వెళ్ళండి.”

శనివారం గుడివాడ వెళ్ళాను. చర్చి వెనక సందులో చిన్న డాబా. వాకిలి తలుపు మీద బైబిల్ వాక్యం, దాని కింద చెప్పులు బయట విడవమని ఇంకో వాక్యం, రెండూ ఒకే రకం అక్షరాలతో ఉన్నాయి. లోపల పదిమంది దాకా నర్సమ్మాయిలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఏదో వల్లిస్తున్నారు. పాఠం చెప్పే ఆవిడకి అరవై దాటాయి. పద్దెనిమిదేళ్ళు ఇటలీలో ముసలివాళ్ళని చూసుకునే పని చేసి వచ్చారు. అమ్మాయిలంతా ఆంటీ గారు అంటుంటే నేనూ అలాగే పిలిచాను.

ఆంటీ గారు రెండు ఉత్తరాలూ చదివి, కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. బాధపడుతున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు.

“ఇదిగోండి, ఇక్కడ ‘లి’ అని ఉంది. ఇక్కడేమో ‘లే’. తెలుగులో రెండూ వాటినే. కానీ లి అంటే మగవాటిని, లే అంటే ఆడవాటిని.”

“గుడ్డల్లో మగా ఆడా ఏంటండీ?”

“టేబుల్ క్లాత్ ఆడది. నాప్‌కిన్ మగది.”

“ఎవరు తేల్చారండీ?”

“ఎవరు తేలుస్తారు? వాళ్ళు పుట్టడమే తెలుసుకుని పుడతారు. ఆడవాటిని, అంటే టేబుల్ క్లాత్‌లని అలాగే వదిలేస్తున్నానంది. నాప్‌కిన్లని మళ్ళీ చెయ్యమంది. మీరేం చేశారు?”

నేనేం చేశానో చెప్పాను. పదిమంది అమ్మాయిలూ పుస్తకాల్లో తలలు దాచుకున్నారు.

“ఆడా మగా కలిసి ఉంటే ఏమంటారండీ?” అన్నాను, మాట మార్చడానికి.

“లి. వంద ఆడవాటిలో ఒక్క మగది దూరినా గుంపంతా మగదే.” అమ్మాయిల వైపు చూసి, “ఈ ముక్క మాత్రం మన ఆడపిల్లలకి ఎవరూ నేర్పనక్కర్లేదు, చెప్పగానే పట్టేస్తారు,” అన్నారు.

“మరి ఆ అతను?”

“ఏ అతనండీ?”

“అతనికి రాశానంది కదండీ.”

ఆంటీ గారు రెండో ఉత్తరం మళ్ళీ చూశారు. ఈసారి నవ్వలేదు. నా మొహంలో ఏదో కనిపించినట్టుంది.

“ఆ అతను మీరేనండీ,” అన్నారు మెల్లిగా. “ఎదుటి మనిషిని మీరు అని గౌరవించాలంటే వాళ్ళు ఆమె అంటారు. మగాడినైనా సరే. ఆమెకి అన్న మాటా, దాన్ని అన్న మాటా కలిసేసరికి అతనికి, ఆమెకి, మీకు మూడూ ఒకే రూపంలోకి వచ్చేస్తాయి. ‘మీకు ఆ సంగతి రాశాను కదండీ’ అని ఆవిడ అడుగుతోంది. పాపం, అండీతో సహా రాసింది.”

ఆంటీ గారు నన్ను తేలికపరచడానికి తన కథ చెప్పారు. చేరిన మొదటి వారంలో ఒక పెద్దాయన ఆవిడతో మాట్లాడుతూ ‘ఆమె తిన్నదా, ఆమె నిద్రపోయిందా’ అని అడిగేవాడట. ఇంట్లో ఇంకో ఆడమనిషి ఉందేమోనని ఈవిడ గదులన్నీ వెతికారట.

“ఇంతకీ ఆవిడకి మీరెలా రాసేవారు?” అని అడిగారు చివర్లో. నా పాత ఉత్తరాలు చూపించాను. ఇంగ్లీషులో రాసి ఫోనుతో ఇటాలియన్‌లోకి మార్పించుకున్నవి. ఆంటీ గారు నాలుక కరుచుకున్నారు. “అయ్యయ్యో. ఆవిడ ఇన్నాళ్ళూ మిమ్మల్ని అండీ అండీ అంటుంటే, మీరేమో నీకు పంపాను, నీకు అందిందా అని రాశారండీ.”

నా మర్యాద సంగతి అలా ఉంది. ఇటలీ ఆవిణ్ణి నువ్వన్నాను, బావని అండీ అన్నాను.

మర్నాడు చల్లపల్లి వెళ్ళాను. బావ అరుగు మీద పేపరు చదువుతున్నాడు.

“రండి. కూర్చోండి. మజ్జిగ పుచ్చుకుంటారా?” అన్నాడు. ఆ ‘పుచ్చుకుంటారా’కి నేను సగం చచ్చిపోయాను.

“బావా, ఆ అతను నేనే,” అన్నాను.

“ఏ అతనండీ?”

చెప్పడం మొదలుపెట్టాను. మీరు అనడానికి వాళ్ళు ఆమె అంటారని, ఆమెకీ దాన్నీ కలిస్తే అతనికి దాన్ని లాగే ఉంటుందని, టేబుల్ క్లాత్ ఆడదని, నాప్‌కిన్ మగదని. చెప్తున్నకొద్దీ నాకే అనుమానం వచ్చింది, నమ్మేలా ఉందా ఇది అని. బావ పేపరు మడత పెట్టాడు.

“క్షమాపణ చెప్పడానికి ఎవరూ ఇంత కష్టపడి అబద్ధం కల్పించరులే,” అన్నాడు. తర్వాత ఒక్కసారిగా గొంతు పెంచాడు. “ఆవిణ్ణి అడుగుదామని ఆవేళే చెప్పానా లేదా? నువ్వు వింటేగా! నీకు ఎప్పుడూ నీ మాటే నెగ్గాలి!”

నువ్వు అన్నాడు. లోపలి నుంచి వాళ్ళ అమ్మగారు, ఎందుకా అరుపులని అడిగారు. ఇంకో పావుగంట తిట్టాడు. ఒక్క అండీ కూడా లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. భోజనం చేసి, ఇద్దరం ఒకే బండి మీద బందరు వచ్చేశాం.

ఆ తర్వాత ఐదు నెలలు ప్రతి శనివారం గుడివాడలో నర్సమ్మాయిల మధ్య వెనక కుర్చీలో కూర్చున్నాను. ఎందుకని అడిగినవాళ్ళకి వ్యాపారం కోసమని చెప్పేవాణ్ణి. పరువు కోసమని చెప్తే బాగుండదు కదా.

మనకి భాషలో ఎంత సుఖం ఉందో అక్కడే తెలిసింది. ఇంట్లో మా ఆవిడ “ఇచ్చారా?” అంటుంది, నేను “ఇచ్చాను” అంటాను. ఏమిటి ఇచ్చాను, ఎవరికి ఇచ్చాను అన్నది ఇద్దరికీ తెలుసు. ఇటాలియన్ వాళ్ళకి అంత నమ్మకం లేదు. ఎవరికో చెప్పాలి, దేన్నో చెప్పాలి, ఆ రెండు ముక్కల్నీ క్రియకి ముందు పెట్టాలి. నాకది ఇవ్వు అని అడిగితే మాత్రం క్రియ వెనక్కి తెచ్చి ‘దామ్మేలో’ అని ఒకే ముద్ద చేసెయ్యాలి. ముందెప్పుడు, వెనకెప్పుడు అని అడిగితే ఆంటీ గారు నియమం చెప్పి, వెంటనే ఆ నియమం పనిచెయ్యని చోట్లు కూడా చెప్పేవారు. రెండోదే ఎక్కువసేపు పట్టేది.

ఒకమ్మాయి ‘అతనికి మందు ఇస్తాను’ అని రాయబోయి ‘అతన్ని మందు ఇస్తాను’ అని రాసింది.

“మందు అతనికివ్వాలమ్మా. అతన్ని తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చెయ్యకూడదు. వాళ్ళ పిల్లలు ఊరుకోరు,” అన్నారు ఆంటీ గారు.

ఒక్క చోట మాత్రం నేను గెలిచాను. ఇంగ్లీషు పుస్తకాల్లో పేజీలకి పేజీలు వివరించే మాట ఒకటుంది, ‘మి ప్యాచే’ అని. నాకు నచ్చుతుంది అని అర్థం. ఇంగ్లీషులో అయితే నేను దాన్ని ఇష్టపడతాను అంటారు కాబట్టి వాళ్ళకి తలకిందులుగా ఉంటుందట. మనకి తలకిందులేమీ లేదు. నాకు నచ్చింది, నాకు ఆకలేస్తోంది, నాకు తెలుసు. అన్నీ నాకే జరుగుతాయి, నేను చేసేదేమీ ఉండదు. ఈ పాఠం నేను ఐదు నిమిషాల్లో అప్పజెప్పేశాను. ఆంటీ గారు మెచ్చుకున్నారు. మరుసటి వారం ‘చి’, ‘నే’ అనే రెండు ముక్కలు మొదలుపెట్టారు. వాటితో నా గర్వం అణిగింది. నే అంటే ‘అందులోంచి కొంత’ అట, ‘దాని గురించి’ అట, ‘అక్కడి నుంచి’ అట. ఈ రోజుకీ నే కనిపిస్తే పక్కకి తప్పుకుని వెళ్తాను.

చదువు మొదలైన రెండో నెలలో ఇటలీ ఆవిడకి నా సొంత చేత్తో ఉత్తరం రాశాను. ఫోను సాయం లేకుండా మూడు రోజులు పట్టింది. ప్రతి చోటా మీరు, మీకు, మిమ్మల్ని. ఎర్ర పెన్నుతో ఆంటీ గారు దిద్దిన తర్వాత నా మాటలు నాలుగో ఐదో మిగిలాయి. తప్పంతా నాదేననీ, నాప్‌కిన్లు, అంటే మగవాటిని, మళ్ళీ చేసి పంపుతున్నాననీ రాశాను.

దాన్ని ఫోనులో పంపితే రెండు రోజుల్లో జవాబొచ్చింది. అదనంగా వచ్చిన టేబుల్ క్లాత్‌లు కూడా ఉంచుకుంటుందట, లేత ఎరుపు అడిగేవాళ్ళు కూడా ఉన్నారట. ఆఖర్న, ఇంత పరిచయం అయ్యాక మనం ఒకరినొకరు నువ్వు అనుకుందాం అని రాసింది.

“అరవై రోజులు కష్టపడి ‘మీరు’ అనడం నేర్చుకున్నానండీ. ఇప్పుడు నువ్వంటే చాలంటుంది,” అని ఆంటీ గారి ముందు వాపోయాను.

“మీరు అనడం వచ్చిన మనిషికే నువ్వు అనే అర్హత వస్తుందండీ. ఇదివరకు మీరు నువ్వన్నది తప్పు. ఇప్పుడనేది చనువు,” అన్నారు. మాట ఒక్కటే కదా అని గొణిగాను.

చలికాలంలో ఇటలీ ఆవిడ షెడ్డు చూడటానికి స్వయంగా వచ్చింది. పొట్టి జుట్టు, చేతిలో చిన్న పుస్తకం. మాతో మాట్లాడాలని ఫోనులో చూసి తెలుగు నేర్చుకుని, ఆ పుస్తకంలో రాసుకుందట. నేను ఇటాలియన్‌లో స్వాగతం చెప్పాను, ఆవిడ తెలుగులో నమస్కారం చెప్పింది. మొదటి పది నిమిషాలు ఇద్దరం ఎదుటివాళ్ళ భాషని ఖూనీ చేస్తూ చాలా మర్యాదగా గడిపాం.

తర్వాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అచ్చు వేస్తుంటే చాలాసేపు చూసింది. పుస్తకం తెరిచి, వేలు పెట్టి వెతుక్కుని, గట్టిగా చదివింది.

“నువ్వు చాలా బాగా చేస్తావు. నీ చెయ్యి మంచిది.”

షెడ్డులో అచ్చుల చప్పుడు ఆగిపోయింది. మేస్త్రిని నేనూ, బావా, మా నాన్న కూడా మీరు అనే పిలిచాం. పనివాళ్ళంతా ఆయన మొహం వైపు చూశారు. ఆయన అచ్చు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఆవిడకి నమస్కారం పెట్టాడు. మళ్ళీ పనిలో పడ్డాడు. నొచ్చుకున్నాడనే అనుకున్నాను.

వ్యాకరణం తెలిసినవాడు ఊరుకోలేడు కదా. సాయంత్రం ఆవిణ్ణి కూర్చోబెట్టి, నువ్వు ఎవరిని అనొచ్చు, మీరు ఎవరిని అనాలి, గారు ఎక్కడ తగిలించాలి అని వివరంగా చెప్పాను. పుస్తకంలో పట్టిక గీసిచ్చాను. ఆవిడ చాలా కంగారు పడి అన్నీ రాసుకుంది. మర్నాడు మేస్త్రి ముందు నిలబడి, ఒక్క తప్పు లేకుండా, “మీరు చాలా బాగా చేస్తారు మేస్త్రి గారూ. మీ చెయ్యి మంచిదండీ,” అంది.

నేను గర్వంగా మేస్త్రి వైపు చూశాను. ఆయన తలూపి అచ్చు అందుకున్నాడు. ఆవిడ పక్క బల్ల దగ్గరికి వెళ్ళాక నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

“నిన్న నువ్వంది బాబూ. మా అన్న పోయాక నన్ను నువ్వనే మనిషి లేడు. రాత్రి మా ఇంటిదానికి కూడా చెప్పాను,” అన్నాడు. తర్వాత విసుగ్గా అచ్చుని పటిక ముద్దలో అద్దుతూ అడిగాడు. “నిన్న అంత చక్కగా మాట్లాడింది కదా. ఎవరు చెడగొట్టారు ఆవిణ్ణి?”

ఎవరో అతను అయ్యుంటాడని చెప్పి వచ్చేశాను.